పన్నెండు వారాల పరుగు

మోటారు గుర్రుమంది. పట్టా కదిలింది. ఎలుక ఒక్క క్షణం బిత్తరపోయింది. ముందుకాళ్లు నిలదొక్కుకుంది. పరుగందుకుంది. పట్టా ఎగువకు వాలి ఉంది కాబట్టి వేసే ప్రతి అడుగూ ఎత్తెక్కడమే, ఆగితే వెనక్కి కొట్టుకుపోవడమే. గోళ్లు టకటకమంటున్నాయి. గదినిండా రంపపు పొట్టు వాసన, మేత వాసన, మూత్రం ఘాటు. అవతల పంజరాల్లో ఇంకొన్ని ఎలుకలున్నాయి. వాటికి పరుగు లేదు. తింటాయి, పడుకుంటాయి. పన్నెండు వారాలయ్యాక ఈ జట్టు కాళ్లలోంచి, ఆ జట్టు కాళ్లలోంచి కండ తీసి పక్కపక్కన పెట్టి చూస్తారు. అప్పుడు తేలుతుంది.

కానీ తేలడానికి ఏమీ లేదనే అప్పటికి చాలామంది నమ్మకం.

ఊరు సెయింట్ లూయిస్. మిసిసిపీ ఒడ్డున, ఎండాకాలంలో చొక్కా ఒంటికి అతుక్కుపోయేంత ఉక్కపోసే ఊరు. 1960ల నడిమి కాలం. అక్కడి వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో పని చేస్తున్న డాక్టర్ జాన్ హొలోసీకి వయసు ముప్ఫై దాటి రెండు మూడేళ్లు. పుట్టింది వియన్నాలో. చదివింది వైద్యం. కూర్చుని రోగుల్ని చూసుకుంటే హాయిగా గడిచిపోయే బతుకు. ఆయన మాత్రం ఎలుకల్ని పరిగెత్తిస్తున్నాడు. ఒక ప్రశ్న ఆయన్ని పట్టి పీడిస్తోంది. దాన్ని ఆయన ఎలుకల దగ్గర నేర్చుకోలేదు, మనుషుల దగ్గర తెచ్చుకున్నాడు.

అంతకుముందు కొన్నేళ్లు ఆయన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. అక్కడ థామస్ క్యూరెటన్ అనే వ్యాయామ శాస్త్రవేత్త నడివయసు మగవాళ్లని పోగేసి పరుగు పెట్టిస్తుండేవాడు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, పొట్టలు వచ్చినవాళ్లు. ఆరు నెలల కార్యక్రమం. హొలోసీ వాళ్ల రక్తం తీసి కొవ్వులు కొలిచాడు. ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. 1964లో ఆ లెక్క అచ్చయింది కూడా. పని అయిపోయినట్టే. కానీ మొదట్లో నాలుగడుగులు పరిగెత్తి రొప్పుతూ నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయిన మనిషే, ఆరు నెలలు తిరిగేసరికి మైళ్లకు మైళ్లు పరిగెత్తి, ఆగి, పక్కవాడితో మామూలుగా మాట్లాడుతుంటే, ఆ మనిషి కాళ్లలో ఏం మారిందో ఏ రక్తపరీక్షా చెప్పడం లేదు.

అప్పటి జవాబు సిద్ధంగానే ఉంది. గుండె బలపడింది. రక్తాన్ని ఎక్కువగా తోస్తోంది. కండకు ఆక్సిజన్ ఎక్కువగా అందుతోంది. కండ మాత్రం పాత కండే.

ఇక్కడ లెక్క కుదరడం లేదు. సాధన చేసిన మనిషి ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ పెరిగేది ఐదో వంతో, అటూ ఇటూగానో. అతను అలసిపోకుండా పరిగెత్తగల సేపు మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతోంది. అందే ఆక్సిజన్ అంత కొంచెం పెరిగితే, ఓపిక అంత ఎక్కువ ఎక్కణ్నుంచి వస్తోంది?

నాటుకోడి కోసేటప్పుడు చూసిన వాళ్లందరికీ తెలుసు. తొడ ముక్క ముదురు రంగు. ఛాతీ ముక్క తెలుపు. రోజంతా నడిచే కాలు అది, ఎప్పుడో గోడెక్కడానికి తప్ప రెక్క కొట్టని ఛాతీ ఇది. అదే పావురం ఛాతీ చూడండి, ముదురెరుపు. ఎగిరే పక్షి కదా. అడవి కుందేలుకీ ఇంటి కుందేలుకీ కూడా అంతే తేడా. ఎక్కువ పనిచేసే కండలో ఆక్సిజన్ వాడుకునే సరంజామా ఎక్కువుంటుందని 1950ల నాటికే పరిశోధకులు కొలిచి చూపించారు. మరి అది పుట్టుకతో వచ్చిన తేడానా, పని చేసి సంపాదించుకున్నదా?

ఈ సంగతి తేల్చాలని హొలోసీ కంటే ముందే కొందరు ప్రయత్నించారు. ఎలుకల్ని నీళ్ల తొట్టిలో వదిలి ఈత కొట్టించారు. రోజూ అరగంట. వారాల తరబడి. తర్వాత కండ తీసి ఎంజైములు కొలిచారు. 1956లో ఒక జట్టు, 1959లో ఇంకో జట్టు. రెండు చోట్లా ఒకటే జవాబు. మార్పు లేదు. ఈదిన ఎలుక కండా, ఈదని ఎలుక కండా ఒక్కటే. తలుపు మూసేశారు.

హొలోసీ ఆ పేపర్లు చదివాడు. ఒక్క చోట చూపు ఆగింది. ఏ అలవాటూ లేని ఎలుకని నీళ్లలో వదిలినా గంటల తరబడి ఈదగలదు. దానికి అరగంట ఈత ఒక లెక్కా? కండ మారలేదని తేల్చినవాళ్లు కండని నిజంగా కష్టపెట్టారా?

అందుకే ఈ ట్రెడ్‌మిల్. అందుకే ఈ ఎత్తు. మొదట్లో రోజుకు రెండు విడతలు, విడతకు పది నిమిషాలు. వారానికి ఐదు రోజులు. తర్వాత పది నిమిషాలు పదిహేనయ్యాయి, ఇరవై అయ్యాయి, గంట అయ్యాయి. వేగం పెరిగింది. చివరి వారాలకి రోజూ ఏకబిగిన రెండు గంటలు, నిమిషానికి 31 మీటర్ల చొప్పున, పైగా ప్రతి పది నిమిషాలకీ ఒకసారి అర నిమిషం పాటు పట్టా 42 మీటర్ల వేగానికి ఎగదూకితే, చెవులు వెనక్కి వాల్చి, ఒళ్లు సాగదీసి, ఆ చిన్న ప్రాణాలు ఎత్తెక్కుతూ దౌడు తీసి మళ్లీ మామూలు పరుగులోకి వచ్చేవి. కలిపి చూస్తే రోజుకు దాదాపు 3.8 కిలోమీటర్లు. జానెడు జంతువు. ఎత్తు మీద.

పన్నెండు వారాలు గడిచాయి. ఇక వాటి కాళ్లలో ఏముందో చూడాలి.

ఈ పనికి గది చల్లగా ఉండాలి. పళ్లెం కింద ఐసు. గాజు గొట్టాలు ఐసులో. కత్తెరలు ఐసులో. ఎలుక ప్రాణం పోయిన క్షణం నుంచీ పరుగు మనిషిది. వెనకకాలి పిక్క దగ్గర కోత. ఎర్రటి కండ బయటికొస్తుంది. తూకం. కత్తెరతో సన్నగా, ఇంకా సన్నగా తరగాలి. చల్లటి ద్రావణంలో వేసి మెత్తగా నూరాలి. కాలి కండ కాలేయం లాంటిది కాదు, పీచు పీచుగా సాగుతుంది, నలగనని మొరాయిస్తుంది. గట్టిగా నూరితే లోపలున్నవి చితికిపోతాయి. మెల్లగా నూరితే బయటికి రావు. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పుతారు. బరువైన పీచు ముందు అడుగుకు దిగుతుంది. పైన తేరిన దాన్ని ఇంకో గొట్టంలోకి వంచి, ఇంకా వేగంగా తిప్పుతారు. గొట్టం అడుగున చిటికెడు ముద్ద మిగులుతుంది. అందులో ఉన్నాయి ఆయన వెతుకుతున్నవి.

మైటోకాండ్రియా. కంటికి కనిపించనివి. కణంలో ఆక్సిజన్ చివరికి చేరే చోటు అదే. పిండిపదార్థమైనా కొవ్వైనా ఆక్సిజన్‌తో కలిసి కాలేది అక్కడే. అలా కాలినప్పుడు వచ్చే శక్తితో అవి ఏటీపీ అనే పదార్థం తయారుచేస్తాయి. కండ ముడుచుకోవాలంటే ఏటీపీ కావాల్సిందే. నిల్వ ఉండేది కొద్దిగా, ప్రాణం పెట్టి పరిగెడితే కొన్ని సెకన్లకి సరి. అందుకే తయారీ ఆగకూడదు.

ఈ ఏటీపీని కండలో కనిపెట్టినవాళ్లలో ఒకరు మనవాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బోస్టన్ వెళ్లి, రాత్రిళ్లు ఆసుపత్రిలో పోర్టరు పని చేసుకుంటూ చదివినవాడు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ని బయటపెట్టాడు. కండ పని చేస్తుంటే అది విరుగుతోంది, సేద తీరితే మళ్లీ కూడుకుంటోంది. 1929లో ఏటీపీ. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు. లాక్టిక్ ఆమ్లమే కండను కదిలిస్తుందని అప్పటిదాకా నమ్మిన సిద్ధాంతం ఆ తర్వాత కొద్ది కాలానికే కూలిపోయింది. కండ దేని మీద నడుస్తుందో సుబ్బారావు తరం చెప్పింది. దాన్ని ఎంత తయారుచేసుకోవాలో కండ తానే నిర్ణయించుకోగలదా అన్నది ఇప్పుడు సెయింట్ లూయిస్‌లో ఐసు మీద ఉన్న ప్రశ్న.

ముద్దని ద్రావణంలో కలిపారు. కాలడానికి పైరువేట్ ఇచ్చారు. ఆక్సిజన్ ఎంత లాగుతుందో కొలిచారు. ముందు పంజరం ఎలుకది. తర్వాత పరుగు ఎలుకది.

రెట్టింపు.

ఇంకో ఎలుక. రెట్టింపు. గ్రాము కండకి గంటకి ఎంత ఆక్సిజన్ అని లెక్క కడితే, పరిగెత్తిన జట్టు పరిగెత్తని జట్టుకి రెండింతలు లాగుతోంది. పది శాతమో ఇరవై శాతమో పెరిగితే కొలతలో పొరపాటని సర్దిచెప్పుకోవచ్చు. రెండింతల్ని ఎలా సర్దిచెప్తారు?

ఎంజైముల్ని విడివిడిగా చూశారు. సక్సినేట్ డీహైడ్రోజినేజ్ రెండింతలు. సైటోక్రోమ్ ఆక్సిడేజ్ రెండింతలు. ఆక్సిజన్ వైపు ఎలక్ట్రాన్లని చేతులు మార్చే ఆ వరసలో ఎక్కడ తాకి చూసినా దాదాపు అంతే. అయినా ఒక అనుమానం మిగిలే ఉంది. పాత ఎంజైములే చురుకెక్కాయా, లేక కండ కొత్తగా తయారుచేసుకుందా? దీనికి ఆ వరసలోనే ఉండే సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్ సాక్ష్యం. అది ఎంత చురుగ్గా ఉందన్నది వదిలేసి, ఎంత ఉందో నేరుగా కొలవచ్చు. కొలిచారు. అదీ రెండింతలే. మైటోకాండ్రియా ముద్దలో మొత్తం ప్రొటీన్ దాదాపు 60 శాతం పెరిగింది. అంటే కండ లోపల నిర్మాణం జరిగింది. సరుకు పెరిగింది.

గెలిచినట్టేనా? ఇంకా లేదు. ఆక్సిజన్ ఎక్కువ లాగడం ఒక్కోసారి జబ్బు లక్షణం.

ఆ సంగతి అందరికీ తెలిసొచ్చి అప్పటికి కొన్నేళ్లే అయింది. స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌లో, 35 ఏళ్ల ఒకావిడ డాక్టర్ రోల్ఫ్ లుఫ్ట్ దగ్గరికి వచ్చింది. అంత చలిదేశంలో ఆమెకి ఒళ్లంతా చెమట. ఏడేళ్ల వయసు నుంచీ అదే తంతు. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఎంత తాగినా దాహం తీరదు. థైరాయిడ్ అనుకుని ఆపరేషన్ చేసినా తగ్గలేదు. కదలకుండా పడుకున్నా ఆమె ఒళ్లు మామూలు మనిషి కంటే రెండింతలకు పైగా శక్తి ఖర్చు పెడుతోంది. లుఫ్ట్, జీవరసాయన శాస్త్రవేత్త లార్స్ ఎర్న్‌స్టర్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నిపుణుడు బ్యోర్న్ అఫ్జేలియస్, మరికొందరు కలిసి ఆమె కండ ముక్క తీసి చూశారు. మైటోకాండ్రియా కిక్కిరిసి ఉన్నాయి. ఆక్సిజన్ లాగుతున్నాయి. కానీ అడ్డూ ఆపూ లేకుండా లాగుతున్నాయి. పొయ్యి భగభగ మండుతోంది, మీద కుండ సరిగా కూర్చోలేదు, మంటంతా వేడిగా గాల్లో కలిసిపోతోంది. 1962లో వాళ్లు ఈ కేసుని ప్రచురించారు. మైటోకాండ్రియా చెడితే మనిషికి జబ్బు చేస్తుందని లోకానికి మొదటిసారి తెలిసింది అప్పుడే.

మరి ఈ ఎలుకల సంగతేంటి? రెండింతలు మండుతున్న ఈ కండ ఏటీపీ చేస్తోందా, వట్టి వేడి పుట్టిస్తోందా?

దీనికి పరీక్ష ఉంది. చూడ్డానికి చిన్నది, నిర్దాక్షిణ్యమైనది. ఆరోగ్యంగా ఉన్న మైటోకాండ్రియా ఊరికే మండవు. ఏటీపీ తయారీకి ముడిసరుకైన ఏడీపీ ఎదురుగా ఉంటేనే ఆక్సిజన్‌ని జోరుగా లాగుతాయి. ఏడీపీ అయిపోతే జోరు తగ్గించుకుంటాయి. చెడిపోయిన వాటికి ఈ విచక్షణ ఉండదు, ఏడీపీ ఉన్నా లేకపోయినా ఒకటే లాగుడు. పరుగు ఎలుక మైటోకాండ్రియాకి కొలిచినంత ఏడీపీ ఇచ్చారు. ఆక్సిజన్ వాడకం ఎగబాకింది. చూస్తున్నారు. ఏడీపీ తరుగుతోంది. ఇక ఇప్పుడు పడిపోవాలి. పడిపోకపోతే పన్నెండు వారాలూ వృథా.

పడిపోయింది. ఠక్కున.

ఇంకోసారి ఏడీపీ, మళ్లీ జోరు. అయిపోయింది, మళ్లీ తగ్గింది. పట్టు గట్టిగా ఉంది. ఖర్చయిన ఆక్సిజన్‌కి తగ్గ ఏటీపీ తయారవుతోంది. మండే సత్తువ ఎంత పెరిగిందో, శక్తి తయారుచేసే సత్తువ కూడా అంతే పెరిగింది.

1967 మే 10. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ సంచికలో ఐదు పేజీల వ్యాసం. రచయితగా ఒక్కటే పేరు. ఆక్సిజన్ తెచ్చిపెడితే పుచ్చుకోవడం తప్ప వేరే పని లేదనుకున్న కండ, పని పడితే తన లోపలి కొలిమిని తానే పెంచుకుంటుందని ఆ ఐదు పేజీలు చెప్పాయి. వ్యాయామం గురించి గాల్లో చెప్పుకునే మాటలన్నీ జీవరసాయన శాస్త్రం నేల మీదికి దిగింది ఆ రోజే అంటే అతిశయోక్తి కాదు. కానీ అవి ఎలుకలు. మనిషి కాలిని కోసి చూడలేరు కదా?

చూడొచ్చు. సూదితో.

స్టాక్‌హోమ్‌లోనే, జోనాస్ బెర్గ్‌స్ట్రోమ్ అనే డాక్టరు 1962 నాటికే లావుపాటి బోలు సూదితో బతికున్న మనిషి తొడలోంచి చిటికెడు కండ తీసే పద్ధతిని నిలబెట్టాడు. మత్తు ఇచ్చి, చర్మం మీద చిన్న గాటు పెట్టి, సూది దించి తీస్తారు. నిమిషాల పని. ఆయనా, ఎరిక్ హల్ట్‌మన్ అనే సహచరుడూ ఆ సూదిని ముందు తమ మీదే ప్రయోగించుకున్నారు. ఒకటే వ్యాయామ సైకిల్. దానికి అటు ఒకరు, ఇటు ఒకరు. ఇతని ఒక కాలు ఈ పెడల్ మీద, అతని ఒక కాలు ఆ పెడల్ మీద. రెండో కాలికి విశ్రాంతి. ఇక తొక్కడమే. తొడ మండిపోయి, కాలు మొరాయించి, ఇంక ఒక్క చుట్టు కూడా తిప్పలేనంత దాకా తొక్కి, దిగి, రెండు తొడల్లోనూ సూదులు దింపించుకున్నారు. తొక్కిన కాల్లో గ్లైకోజెన్, అంటే కండలో నిల్వ ఉండే పిండిపదార్థం, ఊడ్చిపెట్టుకుపోయింది. తొక్కని కాల్లో నిండుగా ఉంది. మూడు రోజులు పిండిపదార్థాలు దండిగా తిన్నారు. మళ్లీ సూదులు. ఈసారి లెక్క తిరగబడింది. ఖాళీ అయిన కాలు నిండడమే కాదు, పొంగింది. రెండో కాలికి రెట్టింపు.

1966లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ చిన్న వ్యాసంలో పెద్ద విషయమే ఉంది. రెండు కాళ్లకీ గుండె ఒకటే, రక్తం ఒకటే, తిండి ఒకటే. అయినా పని చేసిన కాలే మారింది. ఆ కబురు ఎక్కడో పైనుంచి వచ్చింది కాదు, కండలోంచే పుట్టింది. మరి మైటోకాండ్రియా కూడా ఇలాగే ఒక కాల్లో పెరిగి, ఇంకో కాల్లో పెరగకుండా ఉంటాయా?

డెన్మార్క్, స్వీడన్ పరిశోధకులు అదే పని చేశారు. బెంగ్ట్ సాల్టిన్ బృందం మనుషుల చేత వారాల తరబడి ఒక్క కాలితోనే సాధన చేయించింది. 1976లో లెక్కలు బయటికొచ్చాయి. సాధన చేసిన కాల్లో ఎంజైములు పెరిగాయి. పక్క కాలు ఎక్కడున్నది అక్కడే. అంతకు మూడేళ్ల ముందే ఫిల్ గాల్నిక్, సాల్టిన్, ఇంకొందరు కలిసి ఆరుగురు మగవాళ్లని ఐదు నెలలు సైకిల్ తొక్కించి చూశారు. ఒళ్లు వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్ 13 శాతం పెరిగితే, తొడ కండలో సక్సినేట్ డీహైడ్రోజినేజ్ 95 శాతం పెరిగింది. ఇల్లినాయ్ మైదానంలో కుదరని లెక్క ఇక్కడ కుదిరింది. గుండె కొంచెం మారుతుంది. కండ చాలా మారుతుంది.

హొలోసీ ప్రయోగశాల ఈలోపు ఇంకో అడుగు వేసింది. పాల్ మోలే, లారెన్స్ ఆస్కాయ్‌లతో కలిసి 1971లో ఆయన చూపించింది ఇది: సాధన చేసిన ఎలుక కండకి కొవ్వుని కాల్చే శక్తి కూడా పెరుగుతుంది. మైటోకాండ్రియా దండిగా ఉంటే అదే వేగం దగ్గర ఒక్కోదాని మీద భారం తగ్గుతుంది. కండ గాబరాపడి గ్లైకోజెన్‌ని గబగబా ఖర్చు చెయ్యదు. కొవ్వు నిదానంగా కాలుతుంది. లాక్టిక్ ఆమ్లం తక్కువ పేరుకుంటుంది. పక్కవాడితో మాట్లాడుకుంటూ పరిగెత్తే ఓపిక అక్కణ్నుంచి వస్తోంది. మరి ఇంత కష్టపడి కట్టుకున్నది ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇది మాత్రం చేదు కబురు. ఫ్రాంక్ బూత్, హొలోసీ కలిసి 1977లో ఎలుక కండలో సైటోక్రోమ్ సి ఎంత వేగంగా కరిగిపోతుందో కొలిచారు. దాదాపు వారంలో సగం పోతుంది. మిగిలినదాంట్లో సగం ఇంకో వారానికి. నెల రోజులు పట్టా ఎక్కకపోతే పంజరం ఎలుకకీ పరుగు ఎలుకకీ తేడా దాదాపు మిగలదు. మనుషుల్లోనూ అంతే. సాధన మానేసిన కొద్ది వారాల్లోనే ఎంజైములు మొదటికొస్తాయని స్వీడన్‌లో సూదులు తేల్చాయి. కండ దేన్నీ ఊరికే మొయ్యదు. పని చెప్తే కడుతుంది, మానేస్తే విప్పేస్తుంది.

కట్టమని చెప్పేదెవరు? ముప్ఫై ఏళ్లు ఆ ప్రశ్నకి జవాబు దొరకలేదు.

దొరికింది బోస్టన్‌లో. 1998లో బ్రూస్ స్పీగెల్మన్ ప్రయోగశాల వెతుకుతున్నది కండ గురించి కాదు, చలికి ఎలుక ఒళ్లు వెచ్చగా ఉంచే గోధుమ రంగు కొవ్వు గురించి. అక్కడ పీజీసీ-1 అనే ప్రొటీన్ తగిలింది. మైటోకాండ్రియాకి కావలసిన జన్యువుల్ని గుంపుగా నిద్రలేపే ప్రొటీన్. కండలోనూ ఉంది. ఆ కబురు వినగానే సెయింట్ లూయిస్‌లో అరవైల్లో ఉన్న పెద్దాయన మళ్లీ ఎలుకల దగ్గరికి వెళ్లాడు. ఈసారి పట్టా కాదు, నీళ్లే. అరగంట ఈతతో మార్పు లేదని ఒకప్పుడు తలుపు మూయించిన అదే ఈత, ఇప్పుడు గంటల తరబడి. సాధన లేదు, వారాలు లేవు. ఒక్క రోజు ఈదించి, కండ తీసి చూశారు. ఒక్క విడత శ్రమకే పీజీసీ-1 గంటల వ్యవధిలో పెరిగిపోయింది. కీత్ బార్, హొలోసీ, సహచరులు 2002లో ఆ లెక్క ప్రచురించారు. అంటే మొదటి రోజు ఒళ్లు నొప్పులతో ఇంటికొచ్చి కూలబడ్డ మనిషి కాళ్లలో కూడా, ఆ రాత్రికే పని మొదలైపోతుంది.

ఇక మిగిలింది వయసు. ముసలి కండ కూడా ఈ మాట వింటుందా?

1980ల మొదట్లో, అదే సెయింట్ లూయిస్. అరవై దాటిన ఆడవాళ్లూ మగవాళ్లూ పదకొండు మంది. ఆరోగ్యంగానే ఉన్నారు కానీ వ్యాయామం అలవాటు లేనివాళ్లు. హొలోసీ బృందం వాళ్లని ఏడాది పాటు తన చేతుల్లోకి తీసుకుంది. పరుగు పెట్టించలేదు. మొదటి ఆరు నెలలూ తేలికగా, ఎక్కువ భాగం నడక. ఆ వయసు మోకాళ్లని, గుండెల్ని నమ్మకంలోకి తెచ్చుకోవాలి కదా. తర్వాతి ఆరు నెలలు కష్టం పెంచారు. ఎత్తు మీద వడిగా నడక, సైకిలు, ఓపిక ఉన్నవాళ్లకి నిదానమైన పరుగు. ఏడాది చివర ముక్కుకి క్లిప్పు, నోట్లో గొట్టం పెట్టి, ట్రెడ్‌మిల్ ఎక్కించి, ఇక చాలు అని సైగ చేసేదాకా నడిపించి ఆక్సిజన్ కొలిచారు. ఆ వయసులో ఇంత కష్టానికి ఒళ్లు తట్టుకోలేదనీ, పెద్దగా పెరిగేదేమీ ఉండదనీ అప్పటికి గట్టి అభిప్రాయం.

30 శాతం పెరిగింది. 1984లో అచ్చయింది.

అయినా ఎలుకల లెక్కలో రుజువంటే కండలోంచి రావాలి. సూదులు వచ్చాయి. 1992లో ఆండ్రూ కాగన్, హొలోసీ, సహచరులు అరవై, డెబ్బై ఏళ్ల మధ్య వాళ్ల పిక్కల్లోంచి, తొమ్మిది నుంచి పన్నెండు నెలల సాధనకి ముందూ తర్వాతా కండ తీసి పక్కపక్కన పెట్టారు. మైటోకాండ్రియా ఎంజైములు పెరిగాయి. కండకి రక్తం తెచ్చే సన్నటి నాళాలు పెరిగాయి. ఆడవాళ్లలోనూ, మగవాళ్లలోనూ. ఆ తర్వాత హొలోసీ ఇంకా పాతికేళ్లకు పైగా బతికి, 2018లో 85వ ఏట కన్నుమూశాడు. కాగన్ పేపరు వచ్చాక మాత్రం, అరవై దాటినవాళ్ల కండ ఇక మారదని ఏ డాక్టరైనా చెప్పాలంటే, ముందు ఆ అంకెల్ని తప్పని నిరూపించాల్సి వచ్చింది.